చిత్తడి ఎలుక కడుపులోని సంసారం

ఫ్లోరిడా రాష్ట్రపు పశ్చిమ తీరాన, మెక్సికో సింధుశాఖ ఒడ్డున సీడార్ కీ అనే చిన్న ఊరు ఉన్నది. ఊరి చుట్టూ ఉప్పునీటి చిత్తడినేలలు పరచుకొని ఉంటాయి. పోటు వేళ సముద్రం వచ్చి గడ్డి మొదళ్ళను ముంచుతుంది. పాటు వేళకు నల్లని బురద బయటపడుతుంది. పగటిపూట అక్కడ కొంగలు, నీటికోళ్ళు తప్ప మరొక ప్రాణి ఉన్నట్లే తోచదు. చీకటి పడిన తరువాత మాత్రం గడ్డి దుబ్బుల నడుమ 50 గ్రాములకు అటూ ఇటూగా తూగే ఒక ఎలుక తిరగనారంభిస్తుంది. అది చక్కగా ఈదుతుంది, నీటిలో మునిగి కొంత దూరం పోగలదు, నీటిమట్టానికి పైన గడ్డి అల్లి గూడు కట్టుకుంటుంది. గింజలు తింటుంది, వాటితోపాటు పీతలను, పురుగులను, నత్తలను, చిన్న చేపలను, పక్షి గుడ్లను కూడా విడిచిపెట్టదు. దక్షిణ కరొలైనాలో వరి విస్తారంగా పండించిన రోజులలో, ఆ చేలగట్ల మీద తిరుగుతూ శాస్త్రజ్ఞుల కంటబడింది కనుక దీనికి ‘వరి ఎలుక’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. 1837లో రిచర్డ్ హార్లన్ దీనిని శాస్త్రీయంగా వర్ణించారు.

వరిచేలకు, ఎలుకలకు ఉన్న చుట్టరికం తెలుగువారికి కొత్త కాదు. గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకు కంటిమీద కునుకు లేకుండా చేసే పందికొక్కు పేరే కొద్ది మార్పుతో ‘బాండికూట్’ అయి ఆంగ్లభాషలో ప్రవేశించింది. అక్కడి నుండి ఆస్ట్రేలియాకు ప్రయాణించి, ఎలుకతో ఏ బంధుత్వమూ లేని సంచిజీవులకు అంటుకున్నది. ఆంగ్లానికి తెలుగు ఇచ్చిన బహుకొద్ది మాటలలో ఇది ఒకటి కావడం గర్వకారణమో కాదో పాఠకులే నిర్ణయించుకొనవచ్చును.

ప్రస్తుత విషయం ఎలుక కాదు. దానిలో కాపురముంటున్న జీవులు. జాన్ కిన్సెల్లా అనే పరాన్నజీవి శాస్త్రవేత్త సీడార్ కీ ఉప్పు చిత్తడిలోని వరి ఎలుకలను, గెయిన్స్‌విల్ పట్టణానికి సమీపంలో పేన్స్ ప్రెయిరీ అనే మంచినీటి చిత్తడిలోని అదే జాతి ఎలుకలను పట్టి, వాటి అవయవాలను ఒక్కొక్కటిగా పరీక్షించి 1988లో ఫలితాలను ప్రకటించారు. ఈ ఒక్క ఎలుక జాతిలో అంతవరకు కనిపించిన అంతర పరాన్నజీవులైన పురుగుల జాతులను లెక్కకట్టగా అవి 45 అయినవి. వాటిలో అత్యధిక భాగం రెండు తెగలవి. ఒక తెగ దారంలాగా సన్నగా, గుండ్రంగా ఉండే పురుగులు. రెండవ తెగ ఆకులాగా చదునుగా ఉండి ఫ్లూకులని పిలువబడేవి. బద్దెపురుగులు కొద్ది జాతులు మాత్రమే. ఇవి కాక చర్మం మీద, వెంట్రుకల నడుమ పేలు, పిడుదులు, ఇంకా సూక్ష్మమైన మైట్లు ఉంటాయి. వాటి లెక్క వేరు.

అరచేతిలో ఇమిడే ప్రాణిలో ఇన్ని జాతులు ఎట్లా చేరినవి? దీనికి సమాధానం ఎలుక భోజనంలో ఉన్నది. సీడార్ కీ బురదలో ఫిడేలు పీతలు వేలకు వేలుగా ఉంటాయి. మగపీతకు ముందరి పట్టుకాళ్ళలో ఒకటి అమితంగా పెరిగి ఉంటుంది. చిన్న కాలితో బురదను నోటికి అందించుకుంటూ ఉంటే ఫిడేలు వాయిస్తున్నట్లు తోస్తుంది కనుక ఆ పేరు. ఈ పీత శరీరంలో కొన్ని ఫ్లూకుల పిల్లలు తిత్తులు కట్టుకొని నిద్రావస్థలో ఉంటాయి. అవి అక్కడికి తమంత తాముగా పుట్టి రాలేదు. ఎలుక పేగులో పెరిగిన ఫ్లూకు పెట్టిన గుడ్లు మలంతో పాటు బురదలో పడతాయి. వాటిని ఒక చిన్న నత్త తింటుంది. నత్త దేహంలో ఒక్క గుడ్డు నుండి పుట్టిన జీవి తన ప్రతిరూపాలను వందల సంఖ్యలో తయారు చేస్తుంది. తోకలున్న ఆ సూక్ష్మజీవులు నత్తను విడిచి నీటిలో ఈదుకుంటూ పోయి పీత పలుచని కీళ్ళ వద్ద దూరి తిత్తి కట్టుకుంటాయి. పీతను ఎలుక తిన్నప్పుడు, జీర్ణరసాల తాకిడికి తిత్తి విచ్చుకొని ఫ్లూకు మేల్కొంటుంది. పేగులో కుదురుకొని గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. ఎలుకకు బదులు నీటికోడి తిన్నా, రకూన్ తిన్నా అటువంటి పీతలలోని ఫ్లూకులలో చాలావాటికి అభ్యంతరం లేదు. వాటికి కావలసినది పీతలను తినే వెచ్చని నెత్తురు గల ప్రాణి.

ఈ వలయంలో ఏ ఒక్కటి లోపించినా ఫ్లూకు వంశం అంతరిస్తుంది. నత్త ఉండాలి, పీత ఉండాలి, పీతను తినే జంతువు ఉండాలి, ఈ మూడూ నడవగల దూరంలో ఉండాలి, నీరు సమయానికి రావాలి. అందుచేత ఎలుక పేగులో ఒకానొక ఫ్లూకు కనిపించినదంటే ఆ చిత్తడిలో ఏ నత్త ఉన్నదో, ఏ పీత ఉన్నదో, వాటి మధ్య ఎవరు ఎవరిని తింటున్నారో అంతా ఆ ఒక్క పురుగే చెబుతుంది. ఉప్పు చిత్తడిలోని ఎలుకలకు, మంచినీటి చిత్తడిలోని ఎలుకలకు జాతి ఒక్కటే అయినా వాటి పురుగుల జాబితాలు ఒక్కటి కాకపోవడానికి కారణం ఇదే. పేన్స్ ప్రెయిరీలో ఫిడేలు పీత లేదు. ఆ పీత మీద ఆధారపడిన ఫ్లూకులూ అక్కడి ఎలుకలలో ఉండవు.

పర్యావరణ శాస్త్రజ్ఞులు ఈ సూత్రాన్ని ఖండానికి ఆవలి ఒడ్డున విస్తృతంగా వాడుకున్నారు. కాలిఫోర్నియాలో కార్పింటీరియా అనే ఉప్పు చిత్తడిలో ఎవరు ఎవరిని తింటారన్న పట్టికను కెవిన్ లాఫర్టీ, ఆర్మండ్ క్యూరిస్ ప్రభృతులు పరాన్నజీవులను కూడా చేర్చి తయారు చేయగా, అందులోని సంబంధాలలో 75 శాతం ఏదో ఒక పరాన్నజీవి ప్రమేయం గలవేనని 2006లో తేలింది. అంతకు ముందు దశాబ్దాల తరబడి పాఠ్యపుస్తకాలలో ముద్రించిన ఆహారజాలాల పటాలలో ఈ సంబంధాలకు చోటే లేదు. అదే చిత్తడిలో పాడైపోయిన ఒక భాగాన్ని పునరుద్ధరించినప్పుడు, పని ఫలించినదా లేదా అన్నది తెలుసుకోవడానికి వారు నత్తలలోని ఫ్లూకులను లెక్కించారు. మొదట ఆ నత్తలలో ఫ్లూకులు తక్కువగా ఉండేవి. ఆరేళ్ళలో వాటి సంఖ్య పెరిగి చెడిపోని భాగంతో సమానమైనది. పక్షులు తిరిగి రాకపోతే నత్తలకు ఫ్లూకులు రావు. ఆరోగ్యవంతమైన చిత్తడికి పురుగులు లక్షణమని చెబితే వైద్యులు నవ్వవచ్చును గాని, చిత్తడికి వైద్యం చేసేవారికి ఇది ఉపయోగపడిన కొలమానం.

ఇక ఎలుక పేగులోకి పోయి చూస్తే అక్కడ కూడా ఊళ్ళో ఉన్నట్లే స్థలం కోసం తగవులు ఉన్నాయి. బద్దెపురుగుకు నోరు లేదు, పేగు లేదు. ఎలుక అరిగించిన ఆహారంలోని చక్కెరను తన చర్మం గుండా పీల్చుకుంటుంది. ముళ్ళతల పురుగుకు కూడా పేగు లేదు, దానికీ అదే చక్కెర కావాలి. 1961లో జాన్ హోమ్స్ ప్రయోగశాల ఎలుకలలో ఈ రెంటినీ విడివిడిగా, ఆ పైన కలిపి పెంచి చూశారు. ఒంటరిగా ఉన్నప్పుడు రెండూ పేగు ముందు భాగాన్నే, అనగా చక్కెర మెండుగా దొరికే చోటునే కోరుకున్నవి. కలిపినప్పుడు బద్దెపురుగు వెనుకకు జరిగి ముళ్ళతల పురుగుకు చోటు విడిచింది. ఇది ప్రయోగశాలలోని మాట. అమెరికాలో అడవి చిట్టెలుకలకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చి చూసిన ఒక పరిశోధన 2013లో వెలువడింది. మందు గుండ్రటి పురుగులను తగ్గించినది. కాని అదే ఎలుకలలో ఏకకణజీవులైన కాక్సీడియాలు, బద్దెపురుగులు పెరిగినవి. ఒక అతిథిని వెళ్ళగొడితే ఆ గది ఖాళీగా ఉంటుందని అనుకొనడం పొరపాటు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఏ గుంపులో చూసినా పురుగులు ఎలుకలన్నిటికీ సమానంగా పంచబడి ఉండవు. ఎక్కువ ఎలుకలలో కొద్దిగా ఉంటాయి, లేదా అసలు ఉండవు. కొద్ది ఎలుకలలో మాత్రం గుట్టలుగా ఉంటాయి. మనుషులలో పురుగుల వ్యాధులకు కూడా ఇదే పంపకం వర్తిస్తుంది. సగటు లెక్కలు చూసి మందులు పంచేవారు దీనిని మరచిపోతే చిక్కులలో పడతారు.

వరి ఎలుకకు చిత్తడి అంచున, పొడవాటి గడ్డిలో ఒక పొరుగు ఉన్నది. దాని పేరు పత్తి ఎలుక. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో సర్వసామాన్యం. దీని అతిథులలో ఒకటి తెలుగువారి చరిత్రలోకి వచ్చింది; ఆ కథ కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

పత్తి ఎలుక ఊపిరితిత్తుల చుట్టూ ఉండే కుహరంలో లిటొమొసాయిడిస్ అనే సన్నని దారపు పురుగు నివసిస్తుంది. అది కనే కంటికి కనిపించని పిల్లలు ఎలుక నెత్తురులో తిరుగుతూ ఉంటాయి. ఎలుక గూటిలోని మైట్ అనే సూక్ష్మకీటకం నెత్తురు పీల్చినప్పుడు ఆ పిల్లలను కూడా పీల్చి, తరువాత మరొక ఎలుకకు అందజేస్తుంది. కథలో మైటుకు ఉన్న ఈ పాత్ర 1940ల నడుమ బయటపడింది. ఈ వర్ణనలో మైటుకు బదులు దోమ అని, ఎలుకకు బదులు మనిషి అని మార్చితే అది బోదకాలు కథ అవుతుంది. కోస్తా జిల్లాలలో ఒకప్పుడు ఆ వ్యాధి సోకని ఊరు అరుదు. వాచి, గట్టిపడి, స్తంభంలాగా మారిన కాలుతో పొలం పనులు చేసుకునే మనుషులను ఎరగని తరం ఇప్పుడు పెరుగుతున్నది. అది సంతోషించదగిన విషయమే. బోదకాలు కలిగించే ఉచెరేరియా పురుగు మనిషిలో తప్ప మరే జంతువులోనూ సహజంగా ఉండదు. కాబట్టి మందులను పరీక్షించడానికి దానితో పనికాదు. దాని జ్ఞాతి ఏదైనా కావాలి.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పసిఫిక్ దీవులకు వెళ్ళిన అమెరికన్ సైనికులు వేలాదిమంది ఈ వ్యాధి బారిన పడడంతో మందు కోసం అన్వేషణ వేగం పుంజుకున్నది. అప్పటికి చేతిలో ఉన్నవి ప్రధానంగా ఆంటిమొనీ, ఆర్సెనిక్ సమ్మేళనాలు. అవి పురుగుతో పాటు రోగిని కూడా బాధించేవి. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న వ్యక్తి యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. ఆయన సహచరులు పిపరజీన్ వర్గానికి చెందిన సమ్మేళనాలను వరుసగా తయారు చేసి, సహజంగానే లిటొమొసాయిడిస్ సోకి ఉన్న పత్తి ఎలుకలకు ఇచ్చి చూశారు.

పిపరజీన్ నాలుగు కార్బన్, రెండు నత్రజని పరమాణువులు కలిసిన ఆరు కోణాల వలయం. రెండు నత్రజనులు ఎదురెదురుగా ఉంటాయి. ఒక నత్రజనికి మీథైల్ సమూహాన్ని, రెండవదానికి డైఈథైల్‌కార్బమైల్ అనే సమూహాన్ని తగిలిస్తే వచ్చిన పదార్థం డైఈథైల్‌కార్బమజీన్. నీటిలో సులభంగా కరుగుతుంది, నోటి ద్వారా ఇవ్వవచ్చును, తయారీ చవక. దీనిని ఇచ్చిన కొద్ది నిముషాలలోనే పత్తి ఎలుకల నెత్తురులోని పురుగు పిల్లలు దాదాపుగా కనుమరుగైనవి. పెద్ద పురుగుల మీద ప్రభావం అంత త్వరగా కనిపించలేదు. కుక్కల గుండెలో ఉండే పురుగు మీద కూడా పరీక్షించి హ్యూయిట్, కుష్నర్, సుబ్బారావు ప్రభృతులు 1947లో ఫలితాలు ప్రచురించారు. అదే ఏడాది ప్యూర్టో రికోలో రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలూ వెలువడినవి. ‘హెట్రజాన్’ అనే పేరుతో ఆ మందు ప్రపంచానికి అందింది. 1948 ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

ఈ కథలో రసాయన శాస్త్రజ్ఞులు ఆగి ఆలోచించవలసిన ఘట్టం తరువాత వచ్చింది. లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ అనే పరాన్నజీవి శాస్త్రజ్ఞుడు (కృష్ణబిలాల సిద్ధాంతంతో ప్రఖ్యాతుడైన స్టీఫెన్ హాకింగ్ ఈయన కుమారుడే) ఈ మందు ఎట్లా పనిచేస్తుందో చూడదలచారు. పురుగు పిల్లలను గాజునాళికలో ఉంచి, రోగి నెత్తురులో ఉండేటంత మోతాదులో మందు కలిపితే అవి చావలేదు. గంటల తరబడి సుఖంగా మెలికలు తిరుగుతూనే ఉన్నవి. అదే మందు ఎలుకకు ఇస్తే మాత్రం పిల్లలు నెత్తురులో నుండి మాయమై కాలేయంలో పేరుకొనినవి. అక్కడ ఎలుక దేహపు భక్షక కణాలు వాటిని చుట్టుముట్టి మింగివేశాయి. అంటే మందు తనంతట తాను పురుగును చంపడం లేదు. చంపే పని ఆతిథేయి దేహం చేస్తున్నది. మందు దానికి తోడుపడుతున్నది. ఈ తోడ్పాటు ఏ విధంగా జరుగుతుందన్న దాని మీద చర్చ దశాబ్దాలపాటు సాగింది.

సుబ్బారావు బృందం ఎలుకలను విడిచి గాజునాళికలలో మాత్రమే పరీక్షించి ఉన్నట్లయితే హెట్రజాన్ పనికిరాని పదార్థాల జాబితాలో చేరి బీరువాలో ఉండిపోయేది. ఇప్పుడు వేలాది సమ్మేళనాలను యంత్రాల సహాయంతో చిన్న చిన్న గుంటలలో పోసి రోజుల వ్యవధిలో జల్లెడ పట్టే పద్ధతి సర్వత్రా ఉన్నది. అది అవసరమే, కాని ఆ జల్లెడ కన్నాలలో నుండి జారిపోయిన హెట్రజాన్లు ఎన్ని ఉన్నాయో చెప్పగల లెక్క లేదు.

లిటొమొసాయిడిస్ కథ అక్కడితో ముగియలేదు. ఆ పురుగు దేహంలోనే వొల్బాకియా అనే బాక్టీరియా కాపురముంటున్నది. ఎలుకలో పురుగు, పురుగులో బాక్టీరియా! 1999లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఈ పురుగు సోకిన చుంచెలుకలకు టెట్రసైక్లిన్ ఇవ్వగా బాక్టీరియా నశించి, దానితో పురుగులకు సంతానం కలగడం ఆగిపోయింది. పురుగు మీద కాక పురుగుకు అతిథియైన దాని మీద గురిపెట్టే ఈ పద్ధతి డాక్సీసైక్లిన్ రూపంలో తరువాత మనుషుల చికిత్సలోకి కూడా వచ్చింది.

అతిథులందరి సంగతీ తెలియకుండా ఒక్కరి మీద మందు ప్రయోగిస్తే ఏమవుతుందన్నది ఎలుకల సమస్య మాత్రమే కాదు. మధ్య ఆఫ్రికాలో లోవా అనే మరొక దారపు పురుగు ఉన్నది. దాని పిల్లలు నెత్తురులో అత్యధిక సంఖ్యలో ఉన్న మనిషికి వేరొక పురుగు కోసం ఐవర్‌మెక్టిన్ ఇస్తే, ఒక్కసారిగా చచ్చిన ఆ పిల్లల వలన మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలుగవచ్చును. ఈ భయం వలన అనేక గ్రామాలకు మందే అందలేదు. సెల్‌ఫోనుకు అమర్చిన సూక్ష్మదర్శినితో ఒక్క నెత్తుటి చుక్కను పరీక్షించి, లోవా మితిమీరి ఉన్నవారిని మినహాయించి మిగిలినవారికి మందు ఇచ్చే పద్ధతిని కామెరూన్‌లో అమలుచేసి 2017లో ఫలితాలను ప్రకటించారు. లోవా లేని భారతదేశానికి ఆ చిక్కు లేదు. అక్కడ 2004 నుండి ఏడాదికొకసారి ఇంటింటా డైఈథైల్‌కార్బమజీన్ మాత్రలు పంచుతూ వచ్చారు. ఆల్బెండజోల్ దానికి తోడైనది. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్‌ను కూడా చేర్చినారు.

చిత్తడి ఎలుకల అతిథులన్నీ మనుషులకు హానిచేయనివని ఎవరూ భ్రమపడరాదు. ఎలుకల మూత్రపిండాలలో నివసించే లెప్టొస్పైరా బాక్టీరియా మూత్రంతో పాటు నీటిలో కలిసి, కాళ్ళమీది చిన్న గాయాల గుండా వరిచేలలో పనిచేసేవారిలో ప్రవేశిస్తుంది. వరి ఎలుకే లూయిజియానా ప్రాంతంలో బేయూ అనే వైరస్‌కు నిలయం. 1930లలో చైనాలో మొదట గుర్తించిన ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఓడలలోని ఎలుకలతో ప్రపంచమంతా తిరిగి, 1980లలో న్యూ ఆర్లీన్స్ ఎలుకలలో కనిపించింది. దానికి నత్త మధ్యవర్తి. నత్త పాకిన ఆకుకూరను కడగకుండా పచ్చిగా తింటే అది మనిషి మెదడు పొరలకు చేరుతుంది. హవాయి దీవులలో ఈ కారణంగా జబ్బుపడినవారు ఉన్నారు. పెరట్లో తోటకూర, గోంగూర పెంచుకునే తెలుగు గృహిణులు దక్షిణ రాష్ట్రాలలో, హవాయిలో ఈ సంగతిని దృష్టిలో పెట్టుకొనడం మంచిది. వండిన కూరతో భయం లేదు.

సీడార్ కీ చిత్తడి 1988 నాటిది కాదు. చలి తగ్గడంతో మడచెట్లు ఉత్తరానికి పాకి గడ్డి నేలలను ఆక్రమిస్తున్నవి. 2023 ఆగస్టులో ఇడాలియా, 2024 సెప్టెంబరులో హెలీన్ తుపానులు ఆ ఊరిని ముంచెత్తినవి. గడ్డి పోయి మడ వచ్చినచోట ఏ నత్త మిగులుతుందో, ఏ పీత వస్తుందో, ఎలుక పేగులో 45 జాతుల జాబితా ఏ విధంగా మారుతుందో పోల్చి చూడడానికి పాత జాబితా ఒకటి ఉండడం అదృష్టమే.

ఫ్లోరిడా దక్షిణపు కొసన, కీస్ దీవులలో, ఇదే వరి ఎలుకకు వెండిరంగు రోమాలు గల ఒక శాఖ ఉన్నది. 1973లో కడ్జో కీ అనే దీవిలో దొరికేవరకు అది ఉన్నట్లే శాస్త్రజ్ఞులకు తెలియదు. 1991లో అమెరికా ప్రభుత్వం దానిని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న ప్రాణిగా ప్రకటించింది. ఆ దీవులు సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్నవి. సముద్రం పైకి వస్తున్నది. ఆ ఎలుక పోతే దాని ఫ్లూకులలో పలు జాతులకు నీటికోళ్ళు, రకూన్‌లు ఉన్నవి. ఒకే జాతి ఎలుక వెంట్రుకలకు అలవాటుపడిన పేలకు ఆ అవకాశం లేదు. కాలిఫోర్నియా కాండర్ అనే రాబందును రక్షించడానికి 1980లలో మిగిలిన పక్షులన్నిటినీ పట్టి తెచ్చి, శుభ్రపరిచే సందర్భంలో మందు చల్లగా, ఆ పక్షి మీద మాత్రమే ఉండే ఒక పేను జాతి సమూలంగా నశించింది. పక్షి బ్రతికింది. వెండి ఎలుకను ఎవరైనా పంజరాలలో పెంచదలచిన రోజున, మందు చల్లే ముందు దాని రోమాలను ఒకసారి సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూడడం అవసరమవుతుంది.